నేల నిలకడ

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అని ఐదు జ్ఞానేంద్రియాలను చిన్ననాడే బడిలో వల్లె వేస్తాము. ఆరవది ఒకటి ఉన్నదని ఎవరూ చెప్పరు. అది పనిచేస్తున్నంత కాలం దాని ఉనికే తెలియదు. నిటారుగా నిలబడటం, నడుస్తూనే ఎదుటి మనిషి ముఖాన్ని గుర్తుపట్టడం, సజ్దా నుండి లేచి తూలకుండా నిలవడం, చీకటిలో వుజూ నీళ్ళ కోసం నాలుగు అడుగులు వేయడం, ఇవన్నీ దాని చలవే. అల్లాహ్ అనుగ్రహాలను లెక్కించబోతే లెక్కకు అందవన్న మాట మన ఇళ్ళలో అందరూ విన్నదే. అసలు లెక్కలోకి తీసుకోవాలని కూడా తట్టని అనుగ్రహం ఒకటి ఉన్నదని గత షాబాన్ నెలలో మా అమ్మీ జబ్బుపడినప్పుడు మాకు తెలిసివచ్చింది. ఆ మూడు నెలల్లో మేము చూసినదీ, వైద్యుని వద్ద విని, పుస్తకాలలో చదివి తెలుసుకున్నదీ ఇతర కుటుంబాలకు ఉపయోగపడగలదన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మాది నిజామాబాద్ జిల్లా ధర్పల్లి. వరి, పసుపు పండే నేల; ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఉన్న ప్రాంతం. అమ్మీకి 58 ఏళ్ళు. 30 ఏళ్ళకు పైగా ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి మా నలుగురినీ పెంచింది. అబ్బా కాలం చేసిన తర్వాత ఈ ఇంటికి నిలకడ అంటూ ఉన్నది ఆమె ఒక్కతే.

షాబాన్ తొలి వారంలో ఒక వేకువన ఫజ్ర్ కోసం లేవబోయి ఆమె మంచం మీదనే ఒరిగిపోయింది. “బేటా, ఇల్లు తిరుగుతోంది, నన్ను పట్టుకోండి” అన్న మాట తప్ప మరో మాట లేదు. కళ్ళు మూసుకున్నా ఆ తిరుగుడు ఆగలేదు. నాలుగైదు సార్లు వాంతి అయింది. కనుపాపలు మెల్లగా ఎడమకు జారుతున్నాయి, ఒక్క కుదుపుతో మళ్ళీ కుడికి వస్తున్నాయి. ఇద్దరం చెరో రెక్క పట్టుకొని నిలబెట్టబోతే ఎడమ పక్కకే కూలబడిపోయింది.

తెల్లవారేసరికి వాడకట్టు అంతా మా ఇంట్లోనే ఉన్నది. ఒకరు బీపీ అన్నారు, ఒకరు పిత్తం అన్నారు, గాలి సోకిందనీ దిష్టి తీయించమనీ మరికొందరు అన్నారు. అందరిదీ ప్రేమే. అయితే తల తిరగడం అన్న ఒక్క మాట వెనుక పది రకాల వ్యాధులు దాగి ఉంటాయి. మేము బండి మాట్లాడుకొని అమ్మీని నిజామాబాద్‌కు తీసుకుపోయాము.

అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ముందుగా అడిగిన ప్రశ్నలు చెవికి సంబంధించినవి కావు. మాట తడబడుతున్నదా, ఒక వస్తువు రెండుగా కనబడుతున్నదా, మూతి వంకర పోయిందా, చేయి గానీ కాలు గానీ బలం తగ్గిందా, మింగడం కష్టంగా ఉన్నదా అని అడిగాడు. మెదడులో రక్తనాళం మూసుకుపోయినప్పుడు కూడా మొదటి లక్షణం తల తిరగడమే కావచ్చునట. పై లక్షణాలలో ఏ ఒక్కటి కనబడినా, భరించలేని కొత్త తలనొప్పి వచ్చినా, గంట కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పోవాలి. పాఠకులు మరేది మరిచినా ఈ ఒక్క మాట మరువకూడదని మా మనవి.

తర్వాత ఆయన అమ్మీ తలను రెండు అరచేతుల మధ్య పట్టుకొని, తన ముక్కునే చూస్తూ ఉండమని చెప్పి, తలను చటుక్కున కొద్దిగా పక్కకు తిప్పాడు. కుడికి తిప్పినప్పుడు చూపు ముక్కు మీదనే నిలిచింది. ఎడమకు తిప్పినప్పుడు చూపు తలతో పాటు పక్కకు పోయి, ఒక్క క్షణం ఆలస్యంగా వెనక్కు వచ్చింది. ఏ యంత్రమూ అక్కరలేని ఈ పరీక్షను 1988లో సిడ్నీకి చెందిన హల్మాగి, కర్తాయిస్ అనే ఇద్దరు పరిశోధకులు లోకానికి వివరించారు. ఎడమ చెవి లోపలి నుండి మెదడుకు పోయే సంతులన నాడి వాచి పని మానేసిందని వైద్యుడు తేల్చాడు. వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అని దాని పేరు. వినికిడికి సంబంధించిన నాడికి దెబ్బ తగలలేదు. పడక మీద అటు నుండి ఇటు దొర్లినప్పుడు మాత్రమే కొన్ని క్షణాల పాటు తల తిరిగే జబ్బు వేరే ఉన్నది. అది చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వస్తుంది. దాని చికిత్స కూడా వేరే. ఒకరి జబ్బుకు రాసిన మందు మరొకరు వాడకూడదనడానికి ఇదొక కారణం.

రెండు తట్టల తక్కెడ

మా కలవరం చూసి వైద్యుడు మార్కెట్ యార్డులో అందరూ చూసిన తక్కెడను ఉదాహరణగా తీసుకున్నాడు. లోచెవిలో ఒక్కో పక్క మూడేసి అర్ధవలయాకారపు నాళాలు, రెండేసి చిన్న సంచులు ఉంటాయి. తల తిరగడాన్ని నాళాలు, తల ఒరగడాన్నీ ముందుకు వెనక్కు సాగడాన్నీ సంచులు పసిగడతాయి. విచిత్రం ఏమంటే, తల కదలకుండా ఉన్నప్పుడు కూడా ఈ నాడులు ఊరుకోవు. కోతులలో కొలిచి చూసినప్పుడు ఒక్కో నాడీతంతువు విశ్రాంతిలోనే సెకనుకు సుమారు 90 సంకేతాలు పంపుతున్నట్లు తేలింది. కుడి ఎడమల నుండి సమానంగా సంకేతాలు వస్తుంటే తక్కెడ ముల్లు నడుమ నిలుస్తుంది. తల కదలడం లేదని మెదడు అర్థం చేసుకుంటుంది. తలను కుడికి తిప్పితే కుడి సంకేతాలు పెరుగుతాయి, ఎడమవి తగ్గుతాయి.

అమ్మీ ఎడమ నాడి ఒక్కసారిగా మూగబోయింది. కుడి పక్క మాత్రం ఎప్పటిలాగే మాట్లాడుతున్నది. తల కుడికి గిర్రున తిరుగుతున్నదని మెదడు నమ్మింది. ఆ లేని కదలికకు తగినట్లుగా కళ్ళను ఎడమకు జార్చింది, శరీరాన్ని ఎడమకు ఒరిగించింది. ఆమె మంచం మీద కదలకుండానే పడి ఉన్నది. అయినా ఆమె లోకం నిజంగానే తిరుగుతున్నది. “ఊరికే భయపడుతున్నావు, ఏమీ తిరగడం లేదు” అని అలాంటి రోగికి చెప్పడం ఎంత అన్యాయమో ఆ రోజు గ్రహించాము.

ఈ విషయాన్ని మానవజాతి తెలుసుకున్న తీరు కూడా ఆసక్తికరమైనదే. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో తల తిరగడాన్ని ఒక వ్యాధిగా తీసుకొని చర్చించారు. అయితే అప్పట్లో దాని మూలాన్ని చెవిలో వెతికినవారు లేరు. 19వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు ఫ్లూరాన్స్ పావురాల లోచెవి నాళాలను కోసి, అవి తూలి తిరగడం గమనించాడు. 1861లో ప్రాస్పర్ మెనియర్ మనుషులలో కూడా తల తిరగడానికి చెవి కారణం కాగలదని చూపాడు. వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీ చెవిలో చల్లని నీళ్ళు పోస్తే కళ్ళు ఒక వైపుకు, వేడి నీళ్ళు పోస్తే మరో వైపుకు కుదుపులు వేయడం గమనించి, దానినే పరీక్షగా మలిచాడు. అందుకుగాను ఆయనకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. ఆ కబురు చేరే నాటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సేనలకు చిక్కి, మధ్య ఆసియాలోని మెర్వ్‌లో ఖైదీగా ఉన్నాడు. ఇస్లామీయ చరిత్ర చదివిన వారికి మెర్వ్ పేరు కొత్త కాదు.

చెవి కాదు, మెదడు కోలుకుంటుంది

వైద్యుడు మాతో అన్న మాటలలో మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది ఇది: “నాడి మళ్ళీ పూర్తిగా పనిచేయవచ్చు, కొంతే పనిచేయవచ్చు, అసలు చేయకపోవచ్చు. మీ అమ్మగారు మాత్రం లేచి నడుస్తారు. చెవి బాగుపడకపోయినా మెదడు లెక్క సరిచేసుకుంటుంది.” నాడి వాపు తగ్గడానికి కొద్ది రోజుల స్టిరాయిడ్ మాత్రలు, వాంతులు, తిరుగుడు తగ్గడానికి మరో మాత్ర రాసి ఇచ్చాడు.

మాలో చిన్నది నిజామాబాద్‌లో ఫార్మసీ చదువుతున్నది. మెదడు లెక్క సరిచేసుకోవడం అంటే ఏమిటని తన పుస్తకాలు ముందు పెట్టుకొని రాత్రిళ్ళు మాకు విడమరిచి చెప్పింది. జీవించి ఉన్న మనిషి మెదడును తెరిచి చూడటం సాధ్యం కాదు గనుక, ఈ వివరాలలో చాలా భాగం ఎలుకలు, గినీ పందులు, పిల్లులపై జరిగిన పరిశోధనల నుండి వచ్చినవే.

మెదడు కాండంలో కుడి ఎడమలకు రెండు సంతులన కేంద్రాలు ఉన్నాయి. వాటి మధ్య వంతెన వంటి నాడులు ఉన్నాయి. ఒక కేంద్రం హెచ్చినప్పుడు రెండవ దానిని తగ్గి ఉండమని అవి అణచి ఉంచుతాయి. ఈ అణచివేతకు వాడుకలో ఉన్న ముఖ్య రసాయనం పేరు గాబా. నాడీకణానికి ‘ఆగు’ అని చెప్పడం దాని పని. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ ఏర్పాటు మేలే చేస్తుంది. ఒక నాడి తెగిపోయినప్పుడు మాత్రం ఇదే కీడుగా పరిణమిస్తుంది. మూగబోయిన పక్కను, ఆరోగ్యంగా ఉన్న పక్క ఇంకా అణచివేస్తుంది. ఉన్న తేడా రెట్టింపవుతుంది.

అప్పుడు మెదడు చేసే మొదటి మరమ్మతు ఇక్కడే. అణగిపోయిన పక్కనున్న నాడీకణాలు గాబా మాటను పెడచెవిన పెట్టడం మొదలుపెడతాయి. అంటే ఆ రసాయనానికి అవి స్పందించే గుణం తగ్గుతుంది. అదే సమయంలో, చెవి నుండి ప్రేరణ అందకపోయినా తమంతట తామే సంకేతాలు పుట్టించుకునేలా వాటి స్వభావం మారుతుంది. దెబ్బతిన్న చెవి మూగగానే ఉండగా, ఆ పక్క కేంద్రం మాత్రం మళ్ళీ పలకడం ఆరంభిస్తుంది. తక్కెడ ముల్లు మెల్లగా నడిమికి వస్తుంది. పడుకొని ఉన్నా తిరిగే తిరుగుడు, కళ్ళ కుదుపు చాలామందిలో కొద్ది రోజుల నుండి కొన్ని వారాలలో తగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

రెండవది హిస్టమిన్. తుమ్ములు, దద్దుర్లు అనగానే గుర్తుకు వచ్చే రసాయనమే ఇది. మెదడులో మాత్రం దాని పని మేలుకొలుపు. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలతో మగత కమ్మడానికి కారణం అవి మెదడులోని హిస్టమిన్‌కు అడ్డుపడటమే. సంతులన నాడి దెబ్బతిన్నప్పుడు మెదడు హిస్టమిన్‌ను ఎక్కువగా తయారుచేసి, ఆ కేంద్రాలను మేల్కొలుపుతుందని పిల్లులపై జరిగిన పరిశోధనలు చూపాయి. మన దేశంలో తల తిరుగుడుకు ఎక్కువగా రాసే బీటాహిస్టిన్, హిస్టమిన్ విడుదలకు ఉండే కళ్ళాన్ని సడలించే మందు. పిల్లులలో అది కోలుకోవడాన్ని త్వరపరచింది. మనుషులలో ఫలితాలు అంత స్పష్టంగా లేవు. మెనియర్ వ్యాధిపై జర్మనీలో జరిగి 2016లో వెలువడిన పెద్ద పరిశోధనలో, మందులేని మాత్రకూ దీనికీ తేడా కనబడలేదు.

మూడవది ఎదుగుదల. నాడీకణాల మధ్య కొత్త కొమ్మలు వేయడానికి తోడ్పడే ప్రొటీన్లు ఆ ప్రాంతంలో పెరుగుతాయి. మార్సేయ్ నగరపు పరిశోధకులు పిల్లులలో ఆ కేంద్రాల వద్ద కొత్త కణాలు పుట్టడం కూడా గమనించారు. ఇక చిన్నమెదడు ఒక గురువు వంటిది. తల తిరిగినప్పుడు చూపు ఎంత జారిందో అది ప్రతిసారీ కొలిచి, మరుసటిసారి ఆ తప్పును కొంత తగ్గిస్తుంది.

ఈ చివరి మాటలోనే మా ఇంటి కథ అంతా ఉన్నది. గురువు దిద్దాలంటే విద్యార్థి పలక మీద ఏదో ఒకటి రాయాలి. తల కదలకపోతే తప్పు జరగదు. తప్పు జరగకపోతే చిన్నమెదడుకు దిద్దడానికి ఏమీ ఉండదు.

సేవ అంటే ఏమిటి?

మూడవ రోజుకు వాంతులు ఆగాయి. వైద్యుడు తిరుగుడు ఆపే మాత్రను మానేయమన్నాడు. మంచం దిగి కూర్చోబెట్టమన్నాడు, నడిపించమన్నాడు. అమ్మీ మాత్రం ససేమిరా అన్నది. “ఆ మాత్ర వేసుకుంటే హాయిగా ఉంది. కదిలితే ప్రాణం పోయినట్లు ఉంది. ముసలిదాన్ని ఎందుకు హింసిస్తారు బేటా?” అని కన్నీళ్ళు పెట్టుకున్నది. చూడవచ్చిన బంధువులు కూడా ఆమె పక్షమే వహించారు. తల్లిని కాలు కింద పెట్టనీయకుండా చూసుకోవడం కదా సంతానం చేయవలసిన సేవ, మీరు మంచం మీద నుండి లేపి నడిపిస్తారా అని నిలదీశారు. తల్లి పాదాల వద్ద మా స్వర్గం ఉన్నదని నమ్మే వాళ్ళం మేము. ఆ పాదాలు నేల మీద మోపమని రోజూ బతిమాలడం ఎంత కష్టమో మాటలలో చెప్పలేము.

ఆ మాత్రల సంగతి మేము వైద్యుని మళ్ళీ అడిగి స్పష్టం చేసుకున్నాము. ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజిన్ వంటి మందులు గానీ, గాబా బలాన్ని పెంచే డయాజిపామ్ వంటివి గానీ తొలి రెండు మూడు రోజులు రోగికి ఎంతో ఊరట ఇస్తాయి. ఆ తర్వాత కూడా కొనసాగిస్తే, మెదడు మేల్కొనవలసిన చోటనే దానిని జోకొడతాయి. మెదడు గాబాను పెడచెవిన పెట్టాలని చూస్తుంటే, మాత్ర ‘ఆగు’ అన్న ఆ మాటనే గట్టిగా చెబుతుంది. కోలుకోవడం వెనుకబడుతుంది. ఫ్రాన్సులో పిల్లులపై జరిగిన ఒక పరిశోధనలో, నాడి తెగిన తర్వాత తొలి రోజులు కదలకుండా కట్టడి చేసిన జంతువులు, స్వేచ్ఛగా తిరిగిన వాటికన్నా ఆలస్యంగా కోలుకున్నాయి. 1940ల నాటి ఇంగ్లండులో తలకు గాయాలైన సైనికులకు చికిత్స చేస్తూ కాథోర్న్, కుక్సీ అనే వైద్యులు గ్రహించినది కూడా ఇదే. పడుకోబెట్టిన వారికన్నా త్వరగా లేచి తిరిగిన వారే ముందుగా బాగుపడ్డారు. వారు కూర్చిన తల, కంటి వ్యాయామాలు కొద్ది మార్పులతో నేటికీ ఆసుపత్రులలో నేర్పుతున్నారు.

అందువల్ల మా ఇంట సేవ రూపం మార్చుకున్నది. మాలో ఒకరు ఎదురుగా కూర్చొని బొటనవేలు నిలిపి పట్టుకుంటే, అమ్మీ దాని మీదనే చూపు నిలిపి తలను కుడి ఎడమలకు తిప్పేది. తొలి రోజు పదిసార్లు తిప్పేసరికి వికారం వచ్చి పడుకున్నది. కొద్దిపాటి తిరుగుడు కలగడం మంచిదే, వాంతి వచ్చేదాకా పోవద్దు, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టండి అని వైద్యుడు హద్దు చెప్పాడు. వారం తిరిగేసరికి కూర్చొని చేసేది నిలబడి చేసింది. తర్వాత వసారాలో గోడ పట్టుకొని నడిచింది, ఆ తర్వాత గోడ వదిలి నడిచింది. మా కోడలు పిల్ల పరుపు మీద ఆమెను నిలబెట్టి, పడితే పట్టుకోవడానికి వెనుక చేతులు చాచి ఉండేది. అది పసుపు ఉడికించే కాలం. కల్లంలో ఆరబోసిన పసుపు దాకా సాయంత్రం నడిచి వెళ్ళడం ఆమెకు ఒక గమ్యంగా పెట్టాము. మొదట్లో నడుస్తుంటే ఎదుటి మనుషుల ముఖాలు అదురుతూ కనబడుతున్నాయని చెప్పేది. అడుగు వేసినప్పుడల్లా తలకు తగిలే కుదుపును కళ్ళు సర్దుకోలేకపోవడమే దానికి కారణం. ఈ సర్దుబాటు రావడానికి నెలలు పడుతుంది.

చాట ఒడిలోకి రావడానికి మరింత కాలం పట్టింది. తల వంచి ఆకు కత్తిరించి, తల ఎత్తి దారం తీసుకొనే ఆ చిన్న కదలికే ఆమెకు గండంగా ఉండేది. రోజుకు వేయి బీడీలు చుట్టిన చేతులు పాతిక చుట్టి ఆగిపోవడం చూసి ఆమె బాధపడేది. మేము లెక్క అడగడం మానేశాము. చుట్టినన్ని చుట్టనిచ్చాము. అదీ ఒక వ్యాయామమేనని వైద్యుడు మెచ్చుకున్నాడు.

నిలబడి నమాజు

అమ్మీ దిగులంతా ఒక్క విషయం మీదనే ఉండేది. తిరుగుడు కన్నా, వాంతుల కన్నా, నిలబడి నమాజు చేయలేకపోవడమే ఆమెను కుంగదీసింది. రంజాన్ ఎదురుగా ఉన్నది. “కూర్చొని చేసిన నమాజు అందునా?” అని పదే పదే అడిగేది. ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) జబ్బు పడి ప్రవక్త (స)ను అడిగినప్పుడు, నిలబడి చేయమని, అది చేతకాకపోతే కూర్చొని, అదీ చేతకాకపోతే పక్కకు పడుకొని చేయమని ఆయన చెప్పిన సంగతి మా మసీదు ఇమాము సాహెబ్ ఆమెకు వివరించారు. రోగికి అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును స్వీకరించడం కూడా విధేయతేనని, అందులో లోటు ఏమీ లేదని నచ్చజెప్పారు. ఆ మాట తర్వాతనే ఆమె మనసు కుదుటపడింది.

నమాజు ఈ జబ్బుకు చికిత్స అని మేము అనము. నమాజు అల్లాహ్ కోసం చేసే ఆరాధన. దానిని వ్యాయామంగా కొలవడం తగదు. అయితే కోలుకుంటున్న ఆ రోజుల్లో ఆమె నమాజును దగ్గర ఉండి చూసిన మాకు, ఆమె మెదడు ఎంత దూరం వచ్చిందో అందులో స్పష్టంగా కనిపించేది. మొదటి వారం కుర్చీలో కూర్చొని తల కొద్దిగా వంచి చేసింది. రెండవ వారంలో సలాము కోసం తలను కుడికి తిప్పగలిగింది గానీ, ఎడమకు తిప్పేటప్పుడు కళ్ళు మూసుకొనేది. మూడవ వారంలో గోడ పక్కన ముసల్లా పరచి, నిలబడి మొదలుపెట్టి, రుకూ తర్వాత కూర్చొనేది. రంజాన్ తొలి రోజు ఫజ్ర్‌లో రెండు రకాతులు పూర్తిగా నిలబడి చేసింది. సజ్దా నుండి లేచేటప్పుడు ఒక చేయి గోడకు ఆనించుకున్నది. సలాము చెప్పి చాలాసేపు ముసల్లా మీదనే కూర్చుండిపోయింది. మేమెవరమూ పలకరించలేదు.

రంజాన్ మధ్యలో రెండు రోజుల జ్వరం వచ్చింది. దానితో పాటు తిరుగుడు కూడా తిరిగి వచ్చింది. నడక మళ్ళీ ఎడమకు లాగింది. జబ్బు మొదటికి వచ్చిందని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తాము. ఫోనులో వైద్యుడు ధైర్యం చెప్పాడు. మాట, చూపు, చేతులు, కాళ్ళు సరిగానే ఉన్నాయని ముందు నిర్ధారించుకొని, ఇది కొత్త దెబ్బ కాదని అన్నాడు. చెవి లోటును మెదడు సర్దుకొని ఉన్నది. ఆ సర్దుబాటును నిలబెట్టుకోవడానికి మెదడుకు బలం కావాలి. జ్వరం, నిద్రలేమి, అతి అలసట, తీవ్రమైన దిగులు వచ్చినప్పుడు ఆ పట్టు కొద్దిగా సడలుతుంది. శరీరం తేరుకోగానే మళ్ళీ బిగుస్తుంది, అదీ మొదటిసారి కన్నా చాలా త్వరగా. ఆ రెండు రోజులు అమ్మీ ఉపవాసాలు మానింది. రోగికి ఆ అనుమతి ఉన్నదని, తర్వాత పూర్తి చేసుకోవచ్చునని ఆమెకు ఈసారి ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు. నాలుగవ రోజుకు మళ్ళీ వసారాలో నడిచింది.

భయం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ జబ్బులో భయం కేవలం మనసుకు సంబంధించిన విషయం కాదు. పడిపోతానన్న భయంతో మనిషి తల బిగబట్టి, మెడ కదపకుండా, నేల చూపుతో నడుస్తాడు. తల కదలకపోతే మెదడుకు పాఠం అందదు. పాఠం అందకపోతే తిరుగుడు పోదు. తిరుగుడు పోకపోతే భయం పెరుగుతుంది. కొందరిలో నాడి దెబ్బ మానిన తర్వాత కూడా నెలల తరబడి తూలుతున్నట్లు అనిపించడానికి ఈ చక్రమే కొంత కారణం. “ఏమీ కాదు” అని కొట్టిపారేయడం వల్ల గానీ, “కదలకు, పడిపోతావు” అని హెచ్చరించడం వల్ల గానీ ఆ చక్రం తెగదు. పక్కన ఒక మనిషి ఉండాలి. పడబోతే పట్టుకోవాలి, పడనప్పుడు చేయి వెనక్కు తీసుకోవాలి.

ఇప్పుడు అమ్మీ ఇంటి పనులు చేసుకుంటున్నది, బీడీలు చుడుతున్నది, ఐదు పూటలా నిలబడి నమాజు చేస్తున్నది. అల్‌హందులిల్లాహ్. ఎడమ చెవి నాడి మాత్రం పూర్తిగా తేరుకోలేదని మొన్నటి పరీక్షలో కూడా తేలింది. కరెంటు పోయిన రాత్రి పెరట్లోకి పోవాలంటే ఆమెకు దీపం కావాలి. చీకటిలో కళ్ళ ఆధారం తప్పిపోతే ఆ పాత లోటు బయటపడుతుంది. ఈద్ ముందు నిజామాబాద్ బజారుకు తీసుకుపోతే, అటూ ఇటూ కదిలే జనాన్ని చూసి కళ్ళు తిరిగి మా భుజం పట్టుకున్నది. గతుకుల రోడ్డు మీద ఆటో ప్రయాణం ఇంకా ఇబ్బందే. ఈ లోట్లతోనే ఆమె తన జీవితాన్ని సర్దుకొని సాగిపోతున్నది.

పాఠక మహాశయులకు మా విన్నపం ఇంతే. ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా తల తిరిగితే వైద్యుని వద్దకు తీసుకుపోండి. దువా చేయండి, చికిత్స కూడా చేయించండి. తిరుగుడు ఆపే మాత్ర ఎన్ని రోజులు వేయాలో, ఏ రోజు మానాలో వైద్యుని అడిగి ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. పాత చీటీ చూపించి మందుల దుకాణంలో నెలల తరబడి అదే మాత్ర కొనకండి. వ్యాయామాలు ఏవి చేయాలో, ఎంతవరకు చేయాలో ఆయన వద్దనే నేర్చుకోండి. ఇంట్లో వుజూ చేసే చోట, మెట్ల వద్ద, మంచం పక్కన రాత్రంతా ఒక చిన్న దీపం వెలగనివ్వండి. రోగి నడుస్తున్నప్పుడు ఆమెకు ఎడమ పక్క దెబ్బ తగిలితే మీరు ఎడమ పక్కనే నడవండి. ఆమె తూలేది అటే. అల్లాహ్ రోగులందరికీ స్వస్థత, వారికి సేవ చేసే వారికి సహనం ప్రసాదించుగాక. ఆమీన్.